వెనక్కి రాకూడని నీళ్లు

"గేజ్ పెట్టె అడుగున పెట్టనా, పైన పెట్టనా?" సంచి నోరు రెండు చేతులతో తెరిచి పట్టుకుని అడిగాడు భర్త.

"పైన పెట్టండి. బరువు పడితే దాని ముల్లుకి తిక్క పుడుతుంది."

ఆయన టైలర్. ఇనప సామాను సర్దమన్నా పట్టుచీర మడతపెట్టినంత ఒద్దికగా సర్దుతాడు. మూడు రంగుల రబ్బరు గొట్టాలు చుట్టలు చుట్టి ఒక పక్కన పెట్టాడు. ఇత్తడి ఫిట్టింగులు గుడ్డలో మూటగట్టి ఇంకో పక్కకి తోశాడు. పెద్ద పైపు రెంచి, టార్చి, టెఫ్లాన్ టేపు. అన్నిటి మీదా గేజ్ పెట్టె. దాని మీద, అడక్కపోయినా, ఒక పొడి తువ్వాలు.

"తువ్వాలెందుకండీ?"

"నీళ్ల పనికి వెళ్తూ తువ్వాలెందుకంటావేంటి? తడిసొస్తావు, రాత్రంతా తుమ్ముతావు. ఆ తుమ్ములు వినాల్సింది నేను."

అందరికీ తెలిసినంతవరకు ఆమె బ్యాక్‌ఫ్లో టెస్టర్. పెద్ద మేడల అడుగున, నీటి మీటరు దాటగానే, పడుకున్న పందిలా ఒక ఇనప పరికరం ఉంటుంది. వీధి పైపులోంచి మేడలోకి ఎక్కిన నీళ్లు మళ్లీ వీధిలోకి దిగకుండా కాయడం దాని పని. ఏడాదికోసారి వెళ్లి, అది సరిగా కాస్తోందో లేదో కొలిచి, చీటీ కట్టి రావడం ఆమె పని. ఇందులో రవ్వంత అబద్ధం లేదు. అందుకే దాని వెనక ఉన్న రెండో పనిని పదకొండేళ్లుగా ఎవరూ పసిగట్టలేదు, కట్టుకున్నవాడితో సహా. గూఢచారుల బ్యూరో ఫైళ్లలో ఆమె పేరు ఏజెంట్ వాషర్.

"అమ్మని ఎల్లుండి ఇంటికి పంపిస్తారట," అన్నాడు భర్త జిప్పు లాగుతూ. "సాయంత్రం చిన్న కోడలు ఆస్పత్రికెళ్లి తల దువ్వొస్తానంది. నువ్వు దువ్వితే అమ్మకి నచ్చదుగా."

"నేను దువ్వితే జుట్టు ఊడుతుందట. ఆవిడ దువ్వితే మొలుస్తుందట."

"అదిగో, మొదలుపెట్టావ్."

ఫోన్ మోగింది. ఆమె తీసి చెవికి ఆనించుకుంది.

"ప్రెషర్ ఎలా ఉంది?" అవతలి గొంతు.

"పొద్దున తక్కువ, మధ్యాహ్నం ఎక్కువ."

"బస్టాపు. ఎనిమిదిన్నర."

* * *

బ్యూరోలో ఆమె పైఅధికారిని అందరూ ఓవర్సీర్ అంటారు. బస్టాపు బెంచీ మీద పేపరు చదువుతున్నట్టు కూర్చుని, పక్కకి చూడకుండానే మూడు కాగితాలు ఆమె వైపు జరిపాడు.

"ఒక ఇరవై అంతస్తుల మేడ. మూడేళ్ల టెస్టు రిపోర్టులు. చూడు."

మొదటి చెక్ వాల్వు, అంటే వెనక్కొచ్చే నీళ్లకి మూసుకునే తలుపు, ఎనిమిది పౌన్లు. రెండో చెక్ వాల్వు రెండు. రిలీఫ్ వాల్వు మూడు. మూడేళ్లూ అవే అంకెలు, వీసమంత తేడా లేదు.

"ఇది కొలిచి రాసింది కాదు సార్, కుర్చీలో కూర్చుని రాసింది. స్ప్రింగన్నాక ఏడాదికేడాదికి నీరసపడుతుంది, మనలాగే. అంకె కదలాలి."

"అందుకే నిన్ను పిలిచాను. మంచి మార్కులు చూస్తే అందరికీ సంతోషం. నీకు అనుమానం." ఓవర్సీర్ పేపరు తిప్పాడు. "సాలెగూడు."

ఆమె వెన్ను నిటారుగా అయింది. సాలెగూడు సరిహద్దు అవతలి ముఠా. తుపాకీ పేల్చకుండా ఊళ్లు ఖాళీ చేయించడం వాళ్ల ప్రత్యేకత.

"పై అంతస్తులో ఒక ట్యాంకు నింపారు. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఒక గుక్క చాలు. దాని కింద హై ప్రెషర్ పంపు పెట్టారు. వీధి ప్రెషర్‌కి రెండింతలు కొడుతుంది."

"అంటే వెనక్కి తోస్తారు. వీధి పైపులోకి."

"ఆ పైపు మీద మొట్టమొదటి కనెక్షన్ ఆస్పత్రిది. నాలుగొందల పడకలు."

ఆమె నోరు తెరిచింది. అతను చెయ్యెత్తాడు.

"మీ అత్తగారు ఆర్థో వార్డులో ఉన్నారని తెలుసు. అందుకే ఈ పనికి నిన్ను వద్దన్నారు పైవాళ్లు. నేను పట్టుబట్టాను."

"ఇప్పుడే వీధి వాల్వు మూసేయించండి."

"అనుమానం మీద ఆస్పత్రికి నీళ్లు ఆపలేను. పరికరం పాడుచేశారని నువ్వు కొలిచి చెప్పు, పది నిమిషాల్లో మూయిస్తాను. ఇంకో మాట. లోపల మన మనిషి ఒకరున్నారు. కోడ్ పేరు నెమలి. ఆ మనిషి మన వైపున్నారో వాళ్ల వైపున్నారో ఈ మధ్య నాకే తెలియట్లేదు. నమ్మకు. నీ గేజ్ మూతలో మొన్ననే నీళ్లు చొరని రేడియో పెట్టించాను."

"భూమి కింద పనిచేస్తుందా?"

"చేయదు. పైకొచ్చాక పనికొస్తుంది," అని పేపరు మడిచి, వచ్చిన మొదటి బస్సెక్కి వెళ్లిపోయాడు.

* * *

మేడలో ఆమెను రెండు గంటలు సోఫాలో కూర్చోబెట్టారు. ఆ తర్వాత బిల్డింగ్ మేనేజర్ వచ్చాడు. ఇస్త్రీ నలగని కోటు, నలగని నవ్వు.

"ఆలస్యమైంది, క్షమించాలి. ఆ పెద్ద రెంచి ఇక్కడ వదిలేయండి మేడమ్. సెక్యూరిటీ రూల్."

"రెంచి లేకుండా ప్లంబరేంటి సార్, కత్తెర లేని మా ఆయనలాగా?"

"కొలవడానికే కదా వచ్చింది? విప్పడానికి కాదుగా?"

మెట్లు దిగారు. ఉక్కు తలుపు లోపలికి తెరుచుకుంది. నాలుగడుగులు వేస్తే గోడ తగిలే గది. పక్కనున్న సర్వీసు సందుకన్నా నిలువెత్తు లోతులో ఉంది. ఒక మూల సీలింగులో, అప్పుడెప్పుడో ఆ సందులోంచి పరికరాన్ని దింపిన కంతకు ఇనప రేకు కప్పి ఉంది. నడుమ పడుకుని ఉంది ఆ పరికరం.

ఒక్క చూపులో మూడు సంగతులు కనిపించాయి. అటూ ఇటూ నీళ్లు కట్టేసే షటాఫ్ వాల్వుల చక్రాలు రెండూ లేవు. కాడలు మొదలంటా కోసేసి ఉన్నాయి. నేలమీది డ్రైన్ జాలీ కింద తడి సిమెంటు. ఇక పరికరం పొట్ట కింద, నేలకీ దానికీ మధ్య, ఒక స్క్రూ జాకీ బిగించి ఉంది.

ఆమె వెనక్కి తిరిగేలోగా తలుపు మూసుకుంది. గడియ పడింది.

తలుపుకి లోపలివైపు పిడి లేదు. ఆమె భుజంతో గుద్దింది. అరచేతులతో బాదింది. ఉక్కు మందంగా, బధిరంగా ఊరుకుంది. సీలింగు మీది ఒక్క దీపం, పైపుల చెమట, తన ఊపిరి చప్పుడు. వాచీలో పదకొండూ పంతొమ్మిది.

పదకొండూ ఇరవై మూడుకి గడియ మళ్లీ కదిలింది. తలుపు జానెడు తెరుచుకుంది. ఎవరో ఒక మనిషిని లోపలికి తోశారు. పట్టుచీర, చెవులకి వేలాడే రాళ్లు, ఆరంగుళాల మడమల చెప్పులు. ఆ మనిషి తూలి, పైపు పట్టుకుని నిలబడి, తలెత్తింది.

"అక్కా!"

ఆ మనిషి వాషర్ సొంత తోడికోడలు. మరిది పెళ్లాం. ఊరవతల ఏదో ఫ్యాన్సీ షాపులో పనిచేస్తున్నానని పొద్దున్నే బస్సెక్కే చిన్న కోడలు.

"నువ్వేంటే ఇక్కడ?"

"నువ్వేంటి ఇక్కడ?"

తలుపు సందులోంచి మేనేజర్ గొంతు మర్యాదగా వచ్చింది. "పదకొండూ నలభైకి పంపు మొదలవుతుంది. అరగంట నడుస్తుంది. ఆ తర్వాత మీ ఇద్దరి గురించి ఆలోచిస్తాం. నెమలి గారూ, మూడేళ్లు బాగా నటించారు." గడియ పడింది. అడుగుల చప్పుడు పైకి వెళ్లిపోయింది.

"నెమలివి నువ్వా?" అంది వాషర్ నెమ్మదిగా.

"ఓవర్సీర్ ఎప్పుడూ చెప్పే వాషర్‌వి నువ్వా? ఛీ, ఏం పేరక్కా అది? నాకన్నా ముందు చేరావు కదా, మంచిది ఎంచుకోవాల్సింది."

"నోర్ముయ్. ఎవరి మనిషివి?"

చిన్న కోడలు చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది. ముఖం మీది నవ్వు పోయింది. "నన్ను మీ ఇంట్లోకి పంపింది సాలెగూడే. నీళ్ల శాఖలో తిరిగే నీ మీద కన్నేసి ఉంచమని. పెళ్లి వాళ్లు కుదిర్చిందే. మూడేళ్ల కింద ఈ పథకం వేసి, ఆస్పత్రి లైనని చెప్పారు. ఆ సాయంత్రమే మీ ఓవర్సీర్ దగ్గరికి వెళ్లాను."

"మూడేళ్ల కింద అత్తయ్య ఆస్పత్రిలో లేదుగా?"

"ఆవిడ కాకపోతే ఇంకొకరి అత్తయ్య. ఐదేళ్లు ఆవిడ తల దువ్వాక ఎవరి తల చూసినా ఆవిడే కనిపిస్తోంది, ఏం చేయను?"

"ఇన్నాళ్లూ తెలిసుండి, మరి ఇంతదాకా..."

"ఎప్పుడనేది చెప్పలేదు. ట్యాంకు మొన్నే నింపారు. ఆ కబురు ఓవర్సీర్‌కి పంపాను. ఈరోజేనని తెలిసేసరికి నన్ను బయటికి వదల్లేదు."

వాషర్ పరికరం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. నమ్మకు అన్న మాట చెవిలో గింగురుమంటోంది. "ఇందులో నీ చెయ్యెంత?"

"మొదటి చెక్ వాల్వు నేనే తీశాను. తీయకపోతే నన్ను తీసేసేవాళ్లు. రెండోది ముట్టుకోలేదు, తీశానని చెప్పానంతే. అది చాలుగా? ఒక్క తలుపున్నా నీళ్లు వెనక్కి పోవుగా? కదలకుండా కూర్చుందాం అక్కా. పంపు వాళ్లిష్టం వచ్చినంతసేపు కొట్టుకోనీ."

"వాల్వు విప్పడం నీకెవరు నేర్పారు?"

"నువ్వే! ఎనిమిదేళ్లుగా వంటింట్లో కూరలు తరుగుతూ నువ్వు చెప్పే కబుర్లేంటి? స్ప్రింగులు, వాల్వులు. మా ఆయన మీద చాడీలు చెబుదామని నేనొస్తే, నువ్వు చెక్ వాల్వు మూత ఎటు తిప్పాలో చెప్పేదానివి."

వాషర్‌కి ఆ వంటింటి కబుర్లన్నీ గుర్తొచ్చాయి. పదకొండేళ్లు కట్టుకున్నవాడికి కూడా రెండో పని సంగతి పొక్కనివ్వని తను, మొదటి పని సంగతి మొత్తం వంకాయలు తరుగుతూ శత్రువు చేతిలో పెట్టింది.

"మంచి పరికరానికి ఎనిమిది, రెండు, మూడు రావాలని ఒకరోజు అన్నావు," చిన్న కోడలు గొంతు తగ్గించింది. "మూడేళ్లూ అవే రాయించాను. ఏదో ఒకరోజు ఆ కాగితం నీ కంట పడుతుంది, నువ్వు గయ్యిమంటావని. నువ్వు బ్యూరో అని తెలీదు. టెస్టర్‌వని తెలుసు, చాలదా?"

వాషర్ సంచి దగ్గరికి లాక్కుంది. ఇంత ముచ్చటగా అల్లిన మాట నిజమైనా కావచ్చు, అబద్ధమైనా కావచ్చు. మనుషుల్ని కొలిచే గేజ్ ఎవరూ కనిపెట్టలేదు. కానీ తన చేత్తో గొట్టం తగిలించి చూడని వాల్వు గురించి ఎవరెంత చెప్పినా ఆమె ఏనాడూ సంతకం పెట్టలేదు. సంచి విప్పింది. తువ్వాలు పక్కన పడేసి, గేజ్ తీసి దాని పట్టీ మెడలో వేసుకుంది.

"నమ్మవా?" అంది చిన్న కోడలు.

"నిన్ను కాదు, దాన్ని అడుగుతున్నా."

రెండో చెక్ వాల్వుకి అటూ ఇటూ ఉన్న చిన్న టెస్టు కుళాయిలకి రెండు గొట్టాలు బిగించింది. గాలి పోయేదాకా నీళ్లు వదిలింది. లోపల ఆ తలుపుంటే ముల్లు కనీసం ఒకటి దాటాలి. ఇద్దరూ తలలు ఆనించి చూశారు.

ముల్లు సున్నా మీద ఉంది. వేలితో తట్టింది. సున్నా.

"లేదే," అంది వాషర్. "రెండోది కూడా లేదు."

"నేను తీయలేదు! అత్తయ్య మీద ఒట్టు అక్కా, నేను తీయలేదు!"

చిన్న కోడలి ముఖంలో రక్తం లేదు. ఆ పాలిపోయిన ముఖాన్ని చూస్తూ వాషర్ లెక్క వేసింది. ఈమె వాళ్ల మనిషే అయితే ఈ గదిలోకి తోయరు. ఈమె తర్వాత ఎవరో వచ్చి సరిచూశారు. రెండో తలుపు ఉండడం చూశారు. దాన్నీ తీసి, ఈమెనీ తోశారు.

"నమ్మాను," అంది. "ఏడవకు. కాటుక కారుతోంది. టైమెంత?"

"ముప్ఫై రెండు."

ఎనిమిది నిమిషాలు. తలుపులు రెండూ లేవు. మిగిలింది నోరు.

"ఇటు చూడు," వాషర్ టార్చి పరికరం పొట్ట కిందకి వేసింది. "ఇది రిలీఫ్ వాల్వు. తలుపులు రెండూ మోసం చేసినా ఇది నోరు తెరిచి, వచ్చిన నీళ్లన్నీ నేల మీదకి కక్కేస్తుంది. వీధిలోకి మాత్రం పోనివ్వదు. తెరుచుకోకుండా వాళ్లు కింద జాకీ పెట్టి నోరు నొక్కేశారు. జాకీ వదులు చేస్తే చాలు."

"చెయ్యి మరి!"

"చేస్తే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయనుకుంటున్నావు?"

చిన్న కోడలు సిమెంటు నిండిన డ్రైన్‌ని చూసింది. లోపలికి తెరుచుకునే తలుపుని చూసింది. బయట గడియ లేకపోయినా, మోకాలి లోతు నీళ్లు నిండాక ఆ తలుపుని పది మంది కలిసి లాగినా తెరవలేరు.

"ఆ విషం మన మీద పడుతుంది," అంది.

"పడుతుంది. నోరు మూసుకుంటే బతుకుతాం. నీకది కష్టమే."

"నీకన్నానా!"

జాకీ పిడి వాళ్లు తీసుకుపోయారు. స్క్రూ తలకి అడ్డంగా చిటికెన వేలు పట్టేంత రంధ్రం మాత్రం ఉంది. అందులో దూర్చి తిప్పడానికి కడ్డీ కావాలి. వాషర్ సంచంతా బోర్లించింది. స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పితే అది వంకర తిరిగింది. ముప్ఫై ఆరు.

"కడ్డీయేనా కావాల్సింది?" చిన్న కోడలు కుడికాలి చెప్పు తీసి, మడమని గోడకేసి రెండు దెబ్బలు కొట్టింది. తోలు ఊడి, లోపలి నుంచి జానెడు ఉక్కు కడ్డీ మెరిసింది. "సాలెగూడు వాళ్ల సరుకే. చివర విషపు సూది కూడా ఉండేది. మెట్లెక్కుతుంటే నాకే గుచ్చుకునేలా ఉందని తీయించేశాను."

కడ్డీ రంధ్రంలో సరిగ్గా పట్టింది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని లాగారు. కదల్లేదు. కాళ్లు గోడకి తన్ని లాగారు. ముప్ఫై ఎనిమిది. అరచేతులు చీరుకున్నాయి.

"ఎటు తిప్పుతున్నావే నువ్వు?"

"నీ వైపుకే!"

"నా వైపుకి కాదు, నీ వైపుకి!"

ముప్ఫై తొమ్మిది. ఎక్కడో పైన, ఇరవై అంతస్తుల గొంతులోంచి, ఒక గురగుర మొదలైంది. పంపు వేడెక్కుతోంది. పైపులు సన్నగా వణికాయి. వాషర్‌కి ఆర్థో వార్డు కళ్లముందు కదిలింది. కిటికీ పక్క మంచం, బల్ల మీద స్టీలు గ్లాసు, పదకొండూ నలభైకి మందు బిళ్ల వేసుకోవడానికి కుళాయి దగ్గరికి గ్లాసు పట్టుకెళ్లే ఆయా.

"ఒకటి, రెండు, లాగు!"

కీచుమంటూ స్క్రూ పావు చుట్టు తిరిగింది. ఇంకో పావు. గోడల్లో ఏదో దబ్బుమంది. పంపు అందుకుంది. అదే క్షణాన జాకీ ఎగిరిపడి, ఆ ఇనప నోరు పెద్ద శబ్దంతో తెరుచుకుంది.

మనిషి నడుమంత లావు నీళ్లు ఇద్దర్నీ గోడకేసి కొట్టాయి. వీధి నీళ్లు ఇటునుంచి, మేడ నీళ్లు అటునుంచి, అన్నీ ఆ నోటి గుండానే నేల మీదకి. చుక్క కూడా ఊళ్లోకి పోలేదు. వాషర్ మెడలో ఇంకా వేలాడుతున్న గేజ్ ముల్లు పిచ్చిగా ఊగింది.

పెదాలు బిగించి ఇద్దరూ పరికరం వీపు మీదకి ఎక్కారు. నీళ్లు పిక్కలు దాటాయి, మోకాళ్లు దాటాయి. వాషర్ ఒక్కసారి కళ్లూ నోరూ మూసుకుని మునిగి, తడిమి, జాకీని పైకి తెచ్చింది. పైపు మీద దాన్ని నిలబెట్టి, సీలింగు కంత మీది రేకుకి ఆనించింది. మాట్లాడలేదు. కళ్లతో చెప్పింది. చిన్న కోడలు కడ్డీ దూర్చి తిప్పింది. నీళ్లు నడుము దాటాయి. దీపం ఆరిపోయింది. చీకట్లో ఒకరి తర్వాత ఒకరు తిప్పారు. నీళ్లు గొంతు దగ్గర ఊగుతున్నాయి. వాషర్ ముఖం సీలింగుకి ఆనించి, మిగిలిన నాలుగు వేళ్ల గాలిని ముక్కుతో పీల్చింది.

రేకు కొక్కెం తెగింది. ఒక వెలుగు గీత. అది జానెడైంది, మూరెడైంది.

చిన్న కోడలు చేత్తో పైకి చూపించింది, నువ్వు ముందు అని. వాషర్ అడ్డంగా తల ఊపింది. చిన్న కోడలు ఆమె నడుం పట్టి ఎత్తి తోసింది. బయట పడ్డాక వాషర్ వెనక్కి బోర్లా పడుకుని రెండు చేతులూ లోపలికి చాచింది. తడి జుట్టు దొరికింది. జుట్టే పట్టుకుని లాగింది.

"అబ్బా!" అంది చిన్న కోడలు సందులో కూలబడి. "నిజమే. నువ్వు పట్టుకుంటే ఊడుతుంది."

సర్వీసు సందులో మధ్యాహ్నపు ఎండ. గోడవారగా ఒక కుళాయి ఉంది, వేరే లైనుది. ఇద్దరూ తల నుంచి కాళ్లదాకా కడుక్కున్నారు. వాషర్ మెడలోని గేజ్ మూత తెరిచి, "మీటరు గది. రెండు చెక్ వాల్వులూ లేవు. వీధి వాల్వు మూయండి. పై అంతస్తుకి మనుషుల్ని పంపండి," అంది. సైరన్లు పదో నిమిషంలో కాదు, మూడో నిమిషంలోనే వినిపించాయి. ఓవర్సీర్ మలుపులోనే కాచుకుని ఉన్నట్టున్నాడు.

"పద, ఇంటికి పోదాం," అంది వాషర్.

చిన్న కోడలు రెండో చెప్పు కూడా తీసి చేత్తో పట్టుకుంది. "మేనేజర్ దొరుకుతాడు. వాడి పైవాళ్లు దొరకరు. వాళ్లకి నా ముఖం తెలుసు, మన ఇల్లు తెలుసు. నేను ఇంటికొస్తే వాళ్లూ ఇంటికొస్తారు అక్కా."

"బ్యూరో చూసుకుంటుంది."

"బ్యూరో నిన్ను పనిచేయని రేడియోతో గోతిలోకి దింపింది. నన్నేం చూసుకుంటుంది?" ఆమె కొంగు పిండుకుంది. "మా ఆయనకి నిజం చెప్పకు. ఏదో ఒకటి అల్లు. నాకన్నా బాగా అల్లలేవులే, కానీ ప్రయత్నించు. అత్తయ్యకి పాపిడి ఎడమవైపు తీయాలి. నువ్వు మధ్యకి తీస్తావు, అదీ ఆవిడ గొడవ."

వాషర్ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి తడిగా జారింది.

ఆ సాయంత్రం రిపోర్టు రాస్తూ నెమలి పేరు దగ్గర ఆగి ఓవర్సీర్‌ని అడిగితే, అలాంటి మనిషి తమ పుస్తకాల్లో ఎప్పుడూ లేరన్నాడు. పరికరం గడిలో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయమన్నాడు. ఆమె రాసింది: మొదటి చెక్ వాల్వు సున్నా. రెండో చెక్ వాల్వు సున్నా. రిలీఫ్ వాల్వు బాగా పనిచేసింది. మొత్తానికి ఫెయిల్.

ఆస్పత్రిలో ఎవరికీ ఏమీ కాలేదు. అత్తగారు అనుకున్నట్టే మూడోనాడు ఇంటికొచ్చింది. మేనేజర్‌ని ఆ మధ్యాహ్నమే పట్టుకున్నారు. మరిది వీధి వైపు కిటికీ పక్కకి కుర్చీ జరుపుకున్నాడు. అతనికి చెప్పడానికి వాషర్ అల్లిన మాటలేవీ అతికినట్టు లేవు.

చిన్న కోడలు ఆ మంగళవారం పగలు పదకొండూ యాభై రెండుకి సర్వీసు సందు మలుపు తిరిగింది. తిరిగి రాలేదు.